వాగు దాటని సారు

మొన్న పొద్దున చాయ్ పొయ్యి మీద పెట్టి ఫోన్ తీస్తే, పాత ఆఫీసు గ్రూపులో మా సారు ఫొటో కనబడింది. చుట్టూ బంతిపూల దండ, కింద రెండు దీపాలు. గుండెపోటట. దాని కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. ఒకరు 'మహానుభావుడు' అన్నారు, ఇంకొకరు 'మా గురువు' అన్నారు. ఆయన బతికున్నంత కాలం క్యాంటీన్లో ఆయన నడకను నడిచి చూపించి అందరినీ నవ్వించిన స్టోర్స్ పెద్దమనిషి అయితే ఏకంగా 'కర్మయోగి' అన్నాడు. కర్మయోగి అట కర్మయోగి! నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఈ లోపల చాయ్ పొంగి పొయ్యంతా అయింది.

పోయినవాళ్ళను ఏమీ అనకూడదని మా అమ్మ అంటుంది. ఎందుకు అనకూడదో ఎప్పుడూ చెప్పలేదు. నేను అంటాను. ఆ గ్రూపులో అనలేక ఇక్కడ అంటున్నాను. పేరు మాత్రం చెప్పను, ఆయన పెళ్ళాం పిల్లలు నాకేం అపకారం చెయ్యలేదు కనక.

అప్పట్లో నేను పని చేసింది ఒక మిర్చి కంపెనీలో. ఎండుమిర్చి కొని, దాంట్లోంచి రంగూ ఘాటూ పిండి, డబ్బాలకెత్తి పంపడం వాళ్ళ వ్యాపారం. ఖమ్మంలో పెద్దాఫీసు. కల్లూరులో ఒక కొనుగోలు కేంద్రం, పినపాక అవతల అడవి అంచున ఇంకొకటి. నేను పెద్దాఫీసులో సర్వర్లు చూసేదాన్ని. అంటే కంప్యూటర్లకు జ్వరమొస్తే మందు వేసే పని. ఆయన నాకు పైన. ఆయన పని ప్లానింగు. దేని ప్లానింగు అని మొదట్లో నేనూ అడిగాను. "ల్యాండ్‌స్కేప్" అన్నాడు. తోటపని కాబోలు అనుకున్నాను. తోటపనే అయి ఉంటే ఎవరికీ చెరుపు జరిగేది కాదు.

ఆ మాటకు అర్థం చెబుతాను, కష్టమేమీ లేదు. కంపెనీకి ఒక్క కంప్యూటరు ఉండదు. కొనుగోలుకు ఒకటి, తూకానికి ఒకటి, గోదాముకు ఒకటి, జీతాలకు ఒకటి. ఏది ఎక్కడుంది, దాని పేరేంటి, దాని మాట ఎవరికి చేరాలి, ఇదంతా రాసిపెట్టుకునే చోటు ఒకటి ఉండాలి. దాన్ని ల్యాండ్‌స్కేప్ డైరెక్టరీ అంటారు. పోస్టాఫీసు లాంటిది. పేరు చూసి ఏ ఇంటికి పోవాలో చెబుతుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, ఒక్కటే జాగ్రత్త ఉంది. అసలు వ్యాపారం నడిచే కంప్యూటర్లు వేరు, కొత్తవాళ్ళు నేర్చుకోవడానికీ తప్పులు చేసుకోవడానికీ పెట్టిన కంప్యూటర్లు వేరు. ఈ రెంటికీ రెండు డైరెక్టరీలు ఉండాలి. నేర్చుకునేవాడు ఏ పిచ్చి బటన్ నొక్కినా అది గడప దాటకూడదు. డ్రైవింగు నేర్చుకునేవాడికి ఖాళీ జాగా చూపిస్తాం గానీ వైరా రోడ్డు మీదికి తోలం గదా.

ఆయన తోలాడు. రెంటికీ కలిపి ఒకటే డైరెక్టరీ పెట్టాడు. ఎందుకంటే బొమ్మ బాగుంటుందట!

ఆ బొమ్మ సంగతి చెప్పకపోతే ఆయన మీకు అర్థం కాడు. కంప్యూటర్లన్నిటికీ ఒక పటం గీశాడు. గీసి ఊరుకుంటే బాగుండేది. ఫ్లెక్సు కొట్టించాడు. నాయకుల పుట్టినరోజులకు కూడళ్ళలో కడతారే, అదే ఫ్లెక్సు, అదే షాపు, అదే సైజు. నీలం రంగు పెట్టెలు, పెట్టెకూ పెట్టెకూ బాణాలు, నాలుగు మూలలా మిరపకాయల గుత్తులు, పైన కుడిపక్కన మా ఓనరు నమస్కారం పెడుతున్న ఫొటో. అన్నిటి నడుమ పసుపుపచ్చటి గుండ్రంలో 'ఒకే డైరెక్టరీ'. మీటింగు హాల్లో ఒక గోడంతా అదే. వచ్చిన ప్రతివాణ్ణీ దాని ముందు నిలబెట్టి పాఠం చెప్పేవాడు. ఓనరుకు ఆ ఫ్లెక్సులో అర్థమైంది ఒక్కటే, తన ఫొటో బాగా వచ్చిందని. మా సారుకు కావలసిందీ అంతే. కంప్యూటరు మారినప్పుడల్లా తెల్ల కాగితం కత్తిరించి ఆ పెట్టె మీద అంటించేవాడు. ఏడాది తిరిగేసరికి ఆ ఫ్లెక్సు ఆటలమ్మ పోసిన ముఖంలా తయారైంది.

నేను ఊరుకోలేదు. పోయి అడిగాను.

"ఏంది సార్ ఇది? అసలుదానికీ ట్రైనింగుదానికీ ఒకటే డైరెక్టరీ అయితే ఎట్లా? రెండు వేరువేరుగా పెట్టుకోవాలె గదా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎవరు ఏం అడిగినా ముందు కళ్ళు మూసుకోవడం ఆయన అలవాటు. లోపల ఏదో పెద్ద లెక్క నడుస్తున్నట్టు కనుబొమలు ఒకసారి పైకి పోయేవి, ఒకసారి కిందికి వచ్చేవి. కొత్తవాళ్ళు భయపడి ఊపిరి బిగబట్టేవాళ్ళు.

"మీది కల్లూరు గదమ్మా?"

"అవ్ సార్."

"కల్లూరుకు పోస్టాఫీసులు ఎన్ని?"

"ఒకటే సార్. ఊరు ఒకటి గనక. ఇవి రెండూళ్ళు."

"అది ఆర్కిటెక్చర్ విషయం" అని కళ్ళు తెరిచాడు. దర్శనం అయిపోయిందన్నమాట. ఆ మాట ఆయనకు తలుపు గొళ్ళెం. తనకు తెలియనిదంతా ఆర్కిటెక్చర్ విషయమే. ఏసీ పని చెయ్యకపోయినా అదే మాట అన్నాడొకసారి.

ఆయన సొంతూరు నేలకొండపల్లి. ప్రతి ఉపన్యాసంలోనూ ఆ ఊరి స్తూపాన్ని ఈడ్చుకొచ్చేవాడు. "మా ఊళ్ళ అంత పెద్ద బౌద్ధ స్తూపం వందల ఏండ్లు మట్టిదిబ్బ కింద పడి ఉన్నది. ఎందుకు? ఎక్కడున్నదో రాసిపెట్టినోడు లేక! డైరెక్టరీ ఉంటే గట్ల అయ్యేదా?" అని బల్ల మీద కొట్టేవాడు. బుద్ధుడు ఉండి ఉంటే ఆయన్ని రెండు చేతులా ఆపి కూర్చోబెట్టేవాడు.

చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మార్కరు. మూత సరిగ్గా పెట్టడం రాదు, జేబు కింద నల్లటి మరక, అది లేని చొక్కా నేను చూడలేదు. ఎవరికీ ఆ మార్కరు ఇచ్చేవాడు కాదు. బోర్డు మీద ఆయన గీసింది ఇంకొకరు తుడవకూడదు, పక్కన 'చెరపవద్దు' అని రాసి కింద రెండు గీతలు గీసేవాడు. అట్లా రాసి రాసి ఇంక రాసుకోవడానికి జాగా మిగలక, మేము కిటికీ అద్దాల మీద రాసుకునేవాళ్ళం. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు, ఎదుటివాడు తన గోడు చెప్పుకుంటున్నంత సేపూ ఆ ఊదుడు ఆగేది కాదు. చివరికి "చూద్దాం. వచ్చే వారం" అనేవాడు. ఆయన క్యాలెండరులో ఈ వారం అనేది ఉండేది కాదు.

భక్తి ఒకటి. భద్రాచలం పక్కనే ఉండి దేవుడి పేరు పెట్టకపోతే ఎట్లా అని, అసలు కొనుగోలు కంప్యూటరుకు 'రామ' అనీ, ట్రైనింగుదానికి 'లక్ష్మణ' అనీ పేర్లు పెట్టాడు. "అన్న ఎటు పోతే తమ్ముడు అటు" అని మురిసిపోయాడు. నేను నెత్తి కొట్టుకున్నాను. ట్రైనింగు కంప్యూటరుకు ఉండవలసిన మొదటి గుణమే అన్న వెంట పోకపోవడం.

ఇంతవరకూ అయితే ఆయన ఒక జోకు. ప్రతి ఆఫీసులో ఇట్లాంటివాడు ఒకడుంటాడు, రిటైరై పోతాడు, మనం దండ వేస్తాం. నేను కూడా ఆ గ్రూపులో రెండు చేతుల బొమ్మ పెట్టేసేదాన్ని. సునీత లేకపోతే.

సునీత పినపాక కేంద్రంలో గేటు దగ్గర కూర్చునే పిల్ల. ఆ అవతల వాగు దాటితే వాళ్ళ ఊరు, కోయవాళ్ళ గూడెం. డిగ్రీ చదివి ఉద్యోగంలో చేరిన మొదటి ఆడపిల్ల ఆ ఊరికి. మచ్చు కాయ ముందే ఖమ్మం పోతుంది, తీసుకునేదీ లేనిదీ అక్కడ నొక్కుతారు. మిర్చి బస్తాలు గేటుకు వచ్చినప్పుడు స్క్రీను చూసి, పచ్చ రంగు వస్తే లోపలికి పంపాలి, ఎరుపు వస్తే చీటీ ఇచ్చి వెనక్కి పంపాలి. తిప్పి పంపిన బండి ఆవరణలో నిలబడకూడదు. ఇదీ రూలు. ఊళ్ళోవాళ్ళకు ఆ పిల్ల అంటే గర్వం. 'మా పిల్ల గేటు కాడ ఉన్నది' అని పక్క ఊళ్ళవాళ్ళకు చెప్పుకునేవాళ్ళు.

ఒక మిర్చి సీజన్లో, ఖమ్మంలో కొత్తగా చేరినవాళ్ళకు ట్రైనింగు పెట్టారు. ట్రైనింగు కంప్యూటరులో అసలు సరుకు కనబడితే బాగా నేర్చుకుంటారని ఆయనకు తోచింది. నేను మా చెల్లి పెళ్ళికి పోయి ఉన్నాను. హైదరాబాదు నుంచి ఇద్దరిని పిలిపించి, అసలు కంప్యూటరును మక్కీకి మక్కీ నకలు తీసి ట్రైనింగుదానిలోకి దింపించాడు. నకలు తీస్తే పేరు కూడా వస్తుంది గదా! లక్ష్మణుడు లేచి, డైరెక్టరీ దగ్గరికి పోయి, 'నేనే రాముణ్ణి' అని చెప్పుకున్నాడు. వేరే డైరెక్టరీ ఉంటే ఆ మాట ఆ గదిలోనే ఉండిపోయేది. ఉన్నది ఒక్కటే, అది నమ్మి, రాముడి మాట వినవలసిన గేటును ఇతని వైపు తిప్పింది.

తెల్లారి ట్రైనింగులో పినపాక సరుకు తెరిచి పెట్టి, పిల్లలకు దాన్ని తిరస్కరించడం ఎట్లాగో నేర్పారు. 'తేమ ఎక్కువ' అని నొక్కండి అన్నారు. నొక్కారు. నవ్వుకుంటూ, ఒకరి భుజాలు ఒకరు తడుతూ నొక్కారు. వాళ్ళు నొక్కిందల్లా పినపాక గేటు దగ్గర ఎర్రగా వెలిగింది.

ఆ పొద్దు గేటు దగ్గర వరసలో ఉన్నది సునీత వాళ్ళ ఊరి బండ్లే. సునీత కాయ చేత్తో విరిచి చూసింది. ఫెళ్ళున విరిగింది, గింజలు గలగలలాడాయి. తేమ ఎక్కడిది! పిల్ల ఖమ్మం ఫోన్ చేసింది. ఎత్తింది ఆయన. ఏం మాట్లాడుకున్నారో నాకు ఎట్లా తెలుసంటే, మధ్యాహ్నం క్యాంటీన్లో ఆయనే గొప్పగా చెప్పుకున్నాడట. "పినపాక పిల్ల ఫోన్ చేసింది. సార్, కాయ ఎండే ఉన్నది, స్క్రీను ఎర్రగా వస్తున్నది, ఏం చెయ్యాలె అని. నీ చెయ్యి గొప్పదా, సిస్టమ్ గొప్పదా అన్న. సిస్టమ్ చెప్పిందే ఫైనల్ అన్న. డిసిప్లిన్ అంటే గట్లుండాలె." పక్కనున్నవాళ్ళు తల ఊపారట, పప్పు కలుపుకుంటూ.

సునీత చీటీలు చేతికిచ్చి బండ్లు వెనక్కి పంపింది. రూలు ప్రకారం గేటు బయటికి. దోవలో వాన పట్టుకుంది. అకాల వాన, ఎవరి దగ్గరా బరకాలు చాలలేదు. బస్తాలు తడిసి ముద్దయ్యాయి. ఎండబెట్టుకుందామంటే ముసురు విడవలేదు. కాయ నల్లబడి, బూజు పట్టింది. ఊరు ఊరంతటికీ ఏడాది కష్టం ఆ వాగు గట్టున కుళ్ళింది. అందులో సునీత సొంత మేనమామ బండి కూడా ఉంది. తండ్రి చిన్నప్పుడే పోతే ఆ పిల్లను ఎత్తుకుని పెంచింది ఆ మామే.

పెళ్ళి నుంచి వచ్చి చూసేసరికి ఇది నా ముందుంది. ట్రైనింగు పిల్లలు నొక్కిన ప్రతిదీ పినపాక గేటుకు చేరి ఉంది. ఆయన్ని మీటింగు హాల్లోకి పిలిచి, ఆ పాడు ఫ్లెక్సు ముందే నిలబెట్టి చెప్పాను.

ఆయన కళ్ళు మూసుకోలేదు. అదొక్కటే ఆ రోజు వింత.

"నాకు తెలుసమ్మా" అన్నాడు.

"తెలుసా? మరి ఓనరుకు చెప్పండి."

"చెప్తే ఇది దించాలె" అన్నాడు ఫ్లెక్సును చూస్తూ.

నేను ఆ మాట సరిగ్గా విన్నానా అని మళ్ళీ అడిగాను. సరిగ్గానే విన్నాను. ఒక ఊరి పంట ఒక పక్క, ఒక ప్లాస్టిక్ గుడ్డ ఒక పక్క. ఆయన తూచుకున్నాడు, గుడ్డ బరువుగా తూగింది.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, రిపోర్టులో 'గేటు ఆపరేటరు తప్పిదం' అని రాశాడు. సునీత స్క్రీను తప్పుగా చదివిందట! నేను ఓనరు దగ్గరికి పోయాను. ఆయన ఓపికగా విన్నాడు. "సారే గదమ్మా ఇదంతా గీసింది. ఆయనకు తెల్వదా?" అన్నాడు. ఫొటో అంత బాగా వచ్చినప్పుడు మరి అట్లాగే అంటారు. తప్పు ఆపరేటరుదని తేలింది గనక కంపెనీ చేతులు దులుపుకుంది. సునీత ఉద్యోగం మాత్రం తియ్యలేదు, చిన్నపిల్ల అని క్షమించారట. "ఉద్యోగం ఉన్నది గదా, ఇంకేం గావాలె?" అని మా సారు నన్నే అడిగాడు.

ఇంకేం కావాలో ఊళ్ళో తెలిసింది. దళారులతో కుమ్మక్కై, కాయ చౌకగా వాళ్ళ చేతిలో పడాలని పిల్లే తిప్పి పంపిందని పుకారు పుట్టింది. నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారు. పండగకు పిలవడం మానేశారు. సునీతో వాళ్ళమ్మో నీళ్ళకు పోతే బోరింగు దగ్గర మాటలు ఆగిపోయేవి. మేనమామ గుమ్మంలోకి రానిచ్చేవాడు కాదు.

నేను ఆ ఊరు పోయాను. ఊరి పెద్దను అక్కడ పటేల్ అంటారు. ముసలాయన, సన్నగా, తువ్వాల భుజాన వేసుకుని అరుగు మీద కూర్చుని నేను చెప్పిందంతా విన్నాడు. డైరెక్టరీ గురించి కూడా చెప్పాను, పోస్టాఫీసు అని. అర్థమయ్యింది ఆయనకు, ఇట్టే.

"తప్పు నువ్వు చేసినవా బిడ్డా?"

"కాదు తాతా. మా సారు చేసిండు."

"అయితే ఆయన రావాలె. మా దగ్గర చేసినోడే వచ్చి నలుగురిల నిలబడి చెప్పుకోవాలె. పక్కోని మాట పంచాయితీల చెల్లది. చెప్పుకున్నడంటే అయిపాయె, మళ్ల ఎవ్వలూ ఆ మాట ఎత్తరు. పిల్ల మా పిల్లనే."

ఇంతే! ఉద్యోగం పోదు, కాగితం లేదు, సంతకం లేదు. నలుగురి ముందు నోరు తెరిచి 'నాది తప్పు' అంటే చాలు. ఆ ఊళ్ళోవాడెవడూ పోయి ఓనరుకు చెప్పడు గూడా. ఇంత తేలిగ్గా తీరే పాపం నేనెప్పుడూ వినలేదు. సంతోషంగా వచ్చి ఆయనకు చెప్పాను.

"వస్త. వచ్చే వారం" అన్నాడు.

వచ్చే వారాలు చాలా పోయాయి. వానాకాలం పోయింది. నేను పోరగా పోరగా, పినపాక కేంద్రం తనిఖీ అని పేరు పెట్టుకుని చివరికి ఒకరోజు బయల్దేరాడు. నేనూ, సునీతా వెంట ఉన్నాం. వాగు దగ్గర బండి ఆగింది. నీళ్ళు మడమలు మునిగేంత, అంతే. చంటిపిల్లలు దాటుతారు. అవతల గట్టున పటేల్, ఇంకా నలుగురు పెద్దమనుషులు వచ్చి నిలబడి ఉన్నారు. మేనమామ కూడా వెనక ఉన్నాడు. ఎక్కడినుంచో ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. సారు కూర్చోవాలని.

ఆయన బూట్లు విప్పాడు. మేజోళ్ళు మడిచి బూట్లలో పెట్టుకున్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. ఒక మడత ఊడితే మళ్ళీ మొదటినుంచి మడిచాడు. సునీత నీళ్ళ మధ్యకు పోయి, వెనక్కి తిరిగి చెయ్యి చాచింది.

"దిగుండ్రి సార్, లోతు లేదు. పట్టుకోండ్రి."

ఆయన అవతలి గట్టును చూశాడు. జేబులో చెయ్యి పెట్టాడు. ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"హలో సార్... అవ్ సార్... ఇప్పుడే సార్, జల్దీ వస్తున్న సార్."

ఫోన్ జేబులో పెట్టుకుని, "ఓనరు పిలుస్తుండు. అర్జెంటు. వచ్చే వారం వద్దాం" అని బూట్లు చేత పట్టుకుని బండి ఎక్కాడు.

ఆ వాగు దగ్గర ఏ కంపెనీ సిగ్నలూ రాదు. ఫోన్ మోగాలంటే మళ్ళీ పెద్ద రోడ్డు దాకా పోవాలి. నాకు తెలుసు, సునీతకు తెలుసు, అవతల గట్టున నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు. ఒకతను కుర్చీ ఎత్తి నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి నడిచాడు.

బండిలో నేను ఆగలేక "అక్కడ సిగ్నల్ ఉండది గద సార్" అన్నాను. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి, "ఆ ముసలాయన చూపు చూసినవామ్మా? నాతోని కాదు" అన్నాడు. ఆ ఒక్క నిమిషం నాకు ఆయన మీద జాలి వేసిన మాట నిజం. మణుగూరులో బండి ఆపించి మిర్చి బజ్జీలు తిన్నాడు. ఉల్లిపాయ ఇంకొంచెం వెయ్యమని అడిగి మరీ తిన్నాడు. జాలి అక్కడే దిగిపోయింది.

ఆ తరవాత, జరిగిన తప్పు మాట ఎత్తకుండా కొత్త ప్లాను అని పేరు పెట్టి, డైరెక్టరీలు వేరు చేశాం. చేసింది నేను. ఆయన కొత్త ఫ్లెక్సు కొట్టించాడు, ఈసారి రెండు పసుపు గుండ్రాలు. పైన 'వేరు వేరు ల్యాండ్‌స్కేపులు, భద్రతకు మార్గం'. ఓనరు ఫొటో కూడా కొత్తది. ఆ ప్లానింగుకు కంపెనీ వార్షికోత్సవంలో ఆయనకు శాలువా కప్పారు. ఆయన స్తూపం కథ చెప్పాడు. నేను లేచి బయటికి వచ్చాను, కొన్నాళ్ళకు ఆ కంపెనీలోంచే బయటికి వచ్చాను. పండగలకూ పబ్బాలకూ ఆయనకు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నాను, ఎప్పుడు పోదాం సార్ అని. జవాబు మీకు తెలుసు.

మొన్న ఆ ఫొటో వచ్చిన మధ్యాహ్నమే సునీత కేంద్రం నుంచి ఫోన్ చేసింది.

"నిజమేనా మేడం?"

"నిజమే."

"అయితే ఇగ రాడు" అంది. "మా అమ్మ ఇయ్యాల గూడ అన్నది, రేపో మాపో సారు వస్తడు లే అని. ఇప్పుడు అమ్మకు ఏమని చెప్పాలె మేడం?"

నేనే వచ్చి చెబుతా అన్నాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పోయాను. సునీత వద్దంటూనే వాగు దగ్గరికి ఎదురొచ్చింది. ఊళ్ళో కల్లాల నిండా మిర్చి పరిచి ఉంది, గాలిలోనే ఘాటు. పటేల్ అరుగు మీదే ఉన్నాడు. మేనమామ ఆ పక్క కల్లంలో కాయ తిరగేస్తున్నాడు. నేను అందరూ వినేట్టు చెప్పాను. తప్పు చేసిన సారు చచ్చిపోయిండు, ఇక రాడు, ఆయన బదులు నేను చెబుతున్నా, ఈ పిల్ల నిర్దోషి అన్నాను. ఫోన్లో ఆ దండ వేసిన ఫొటో కూడా చూపించాను.

పటేల్ ఫొటో చూసి చేతులు జోడించాడు. పక్కవాళ్ళతో కోయలో ఏదో అన్నాడు. తరవాత నాతో నెమ్మదిగా, కోపం లేకుండా అన్నాడు.

"బతికున్నప్పుడు ఆయనను తోలుకరాలేదు. సచ్చినంక తప్పంత ఆయన మీద పెట్టవస్తివా బిడ్డా? పోయినోడు లేచి వచ్చి కాదంటడా, అవునంటడా? సచ్చినోని మీద నూకుడు ఎవ్వలకైనా సులువే. గిట్ల చెయ్యొద్దు. పాపం తగుల్తది."

"తాతా, నేను అబద్ధం ఆడతలేను!"

"ఏమో బిడ్డా. ఆయన నోటెంట వింటే నమ్మేటోళ్ళం."

కల్లం పక్కనుంచి తిరిగి వస్తుంటే ఒక కాయ దోవలో పడి ఉంది. సునీత వంగి తీసి, దుమ్ము తుడిచి, మేనమామ కల్లంలో వేసింది. మేనమామ ఆ కాయను వెతికి ఏరి, అవతల పారేశాడు.

ఇక నేను ఆగలేదు. ఆ కల్లం దగ్గరే నిలబడి ఆయన్ని తిట్టాను. పిరికి సచ్చినోడా, నీ ఫ్లెక్సు తగలబడ, మడమల లోతు నీళ్ళు దాటలేకపోయినవు, సావడానికి మాత్రం జల్దీ వచ్చిందారా నీకు అని, ఊరంతా వినేట్టు, నోటికి వచ్చినట్టు తిట్టాను. ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. పటేల్ తల దించుకున్నాడు. మేనమామ సునీత వంక చూశాడు, నా వంక కాదు.

సునీత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దక్కా, ఆపు. సచ్చినాయనను గూడ తిట్టించిందంటరు. నువ్వు బస్సెక్కి పోతవు. నేను ఈడనే ఉండాలె."

నోరు మూసుకున్నాను.